వెల్లమ్మ ఊపిరి

ఆ ఇంట్లో మొగుడి తర్వాత కొత్తకోడలికి అంతగా నచ్చింది మేడమీది గది కిటికీ. తలుపు తోస్తే చాలు, రేవు మొత్తం ఒళ్లో వచ్చి పడుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకి పెద్ద పనేమీ ఉండేది కాదు. కిటికీ ఊచలకి మొహం ఆనించి నిలబడేది. దూరంగా ఓడ రెండు కొయ్యల మీద తెరచాపలు కనబడగానే మెట్లు దడదడలాడించుకుంటూ కిందికి పరుగెత్తేది.

"అత్తయ్యా, వచ్చేస్తున్నారు!"

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే అడిగేది. "ఎవరు? మీ ఆయనా, నా సవతా?"

సవతి అంటే ఓడ. మామగారు దానికి సరంగు, ఓడ నడిపే పెద్ద. పెళ్లికి ముందు నుంచీ ఆయన దాని మీదే బతికాడు కాబట్టి అత్తగారి లెక్కలో అదే మొదటి పెళ్లాం. రేవులో మాత్రం అందరూ దాన్ని వెల్లమ్మ అంటారు. ఏళ్ల తరబడి సున్నం మోసి మోసి చెక్క, తాడు, చాప అన్నీ వెల్ల వేసినట్టు తెల్లబడిపోయాయి. అందులో పనిచేసేవాళ్ల కనుబొమ్మలు కూడా తెల్లవే. సముద్రం నుంచి రాగానే మొగుడి కనుబొమ్మలు తడిగుడ్డతో తుడిచి, కింద నల్లటివి బయటపడుతుంటే చూడటం ఆమెకి భలే సరదా.

పొరుగు రేవులోని బట్టీల దగ్గర కాల్చిన సున్నం పీపాలకెత్తుకుని వెల్లమ్మ తీరం వెంట ఊరూరా దించుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు బట్టీలకి కట్టెలు తీసుకెళ్తుంది. పెళ్లయిన వారానికి ఇద్దరూ షికారుకి వెళ్లినప్పుడు మొగుడు ప్రతి తెల్లగోడనీ చూపించి, "ఇది మాదే, అదీ మాదే" అంటూ ఊళ్లో సగం ఇళ్లు ఆమె పేర రాసిచ్చేశాడు. ఆమె పకపకా నవ్వింది.

ఇప్పుడు అదే కిటికీ తలుపు ఆమె సగమే తెరుస్తోంది.

వెల్లమ్మ రేవు మధ్యలో, మిగతా ఓడలకి దూరంగా, చాపలు దించేసుకుని లంగరు మీద నిలబడి ఉంది. దాని మీద మనిషి లేడు. మంట లేదు, పొగ కూడా లేదు. అయినా లోపల కాలుతోంది.

పొడి సున్నానికి చుక్క నీళ్లు తగిలితే ఉడుకుతుంది. ఆ వేడికి పీపా చెక్క రాజుకుంటుంది. ఆర్పుదామని నీళ్లు పోస్తే ఇంకా ఉడుకుతుంది. అందుకని సున్నం ఓడవాళ్లకి ఒకటే దారి. నానబెట్టిన సున్నపు ముద్దతోనే ఓడలో ఉన్న ప్రతి సందూ, ప్రతి చిల్లూ, పొయ్యి గొట్టంతో సహా పూడ్చేసి, ఊపిరాడకుండా చేసి, ఒడ్డుకొచ్చి కూర్చోవాలి. లోపలి గాలి అయిపోతే నిప్పు దానంతటదే చస్తుంది. ఎప్పుడు చస్తుందో ఎవరూ చెప్పలేరు. చావకముందు మూత తీస్తే మాత్రం గాలి కోసం కాచుకుని ఉన్న నిప్పు ఒక్కసారిగా మొహం మీదికి లేస్తుంది.

కాబట్టి సున్నం ఓడ మీద అనుమానం లేనివాడికి చోటు లేదు. మబ్బు కనబడితే అనుమానం. తడి తువ్వాలు కనబడితే అనుమానం. చెమట పట్టినవాణ్ని సరుకుగదిలోకి దిగనివ్వరు. అన్నిటికంటే ముఖ్యమైన అనుమానం సరంగుది. పొద్దున్నే ఆయన సరుకుగది మూత దగ్గర మోకాళ్ల మీద వంగి, మూత అంచు వేలెడంత ఎత్తించి, ముక్కు పెట్టి వాసన చూస్తాడు. తడిసిన సున్నానికి, మాడుతున్న చెక్కకి వేరే వాసన ఉంటుంది. అప్పుడే పట్టేస్తే భయం లేదు. తడిసిన పీపాలు నాలుగు సముద్రంలోకి దొర్లించి దారిన పోవచ్చు. వెల్లమ్మ ఇన్నేళ్లు బతికింది ఆ ముక్కు మీదే.

ఈసారి మాత్రం సాయంత్రం రేవులోకి వస్తుండగా పట్టుకున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ముసలి ఓడ కదా, అడుగు పలక ఏదో వదులై నీళ్లు ఊరి ఉంటాయి. దానికి ఎవర్నీ అనడానికి లేదు. అనాల్సింది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ ఎందుకు పసిగట్టలేదని.

"పొద్దున నేను చూసినప్పుడు ఏమీ లేదు," అన్నాడు మామగారు.

పొద్దుటి తర్వాత ఓడని చూసుకునేది ఆయన కొడుకు, కొత్తకోడలి మొగుడు. ఓడ సొంతదారు షావుకారు. ఆయన గదిలో మిగతా ఓడల సరంగులు నలుగురి మధ్య నిలబడి అతను, "నేనే సరిగ్గా చూసుకోలేదు," అన్నాడట. అంతే. ఇంకో మాట లేదు.

మామగారి తర్వాత వెల్లమ్మని అతనికిస్తానని షావుకారు ఎప్పుడో మాటిచ్చాడు. ఇప్పుడు ఆ మాట సంగతి దేవుడెరుగు, కళాసీగా ఎక్కించుకోవడానికి కూడా మిగతా ఓడలవాళ్లు మొహం చాటేస్తున్నారు. నిప్పుని నిద్రలో మోసుకొచ్చినవాణ్ని ఎవరు నమ్ముతారు? రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్లు ఆమెని చూడగానే గొంతు తగ్గించారు, కానీ బాగా తగ్గించలేదు.

"కొత్త పెళ్లికొడుకు కదమ్మా, కళ్లు తెరుచుకునే కలలు కని ఉంటాడు."

"ఇంట్లో ఉన్న అగ్గి చాలక ఓడకి కూడా అంటించాడు!"

ఆమె రొట్టె తీసుకుని తలెత్తుకునే నడిచింది. మలుపు తిరిగాక మాత్రం కళ్లు తుడుచుకుంది.

మొగుడు నిద్రపోయాడంటే ఆమె నమ్మలేదు. కానీ ఏదో దాస్తున్నాడు. అతనికి అబద్ధం ఆడటం రాదు. ఆడినప్పుడు మర్యాద ఎక్కువైపోతుంది. మామూలుగా "పిచ్చుకా" అని పిలిచేవాడు నాలుగు రోజుల నుంచి "ఏమిటి చెప్పు" అంటున్నాడు.

దానికి తోడు పెరట్లో గులాబి మొక్క ఉంది. వెల్లమ్మలో నిప్పు బయటపడిన రోజు సాయంత్రం అతను ఒళ్లంతా సున్నంతో, మొహంలో నెత్తురు చుక్క లేకుండా ఇంటికి వచ్చినప్పుడు చంకలో ఆ కుండీ ఉంది. పసుపు గులాబి. ఓడ బయల్దేరేముందు కిటికీలోంచి అరిచి మరీ ఆమే అడిగింది. ఇప్పుడు అది ఇంకో రెండు మొగ్గలు వేసింది, చూస్తే ఎంత ముచ్చటగా ఉందో! అయితే మొక్కకి నీళ్లు కావాలి. ఓడ మీద అన్నాళ్లు వాడకుండా వచ్చిందంటే ఎవరో నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఆ ఆలోచన వచ్చాక ఆమె కుండీ దగ్గర్నుంచి లేచి మొగుడి దగ్గరికి వెళ్లింది.

"ఏవండీ, మొక్కని ఓడలో ఎక్కడ పెట్టి తెచ్చారు?"

"ఎక్కడో ఒక చోట."

"సరుకుగది మూత మీదా?"

"ఎందుకలా అడుగుతున్నావు చెప్పు," అన్నాడు, చాలా మర్యాదగా.

దాంతో అనుమానం ముదిరిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆమె పడవల పాక దగ్గరికి వెళ్లింది. అక్కడ వెల్లమ్మ వంటాయన తొట్టిలో సున్నపు ముద్ద కలుపుతున్నాడు. ఓడకి కొత్తగా పగుళ్లు వస్తే పూడ్చడానికి రోజూ తెప్ప మీద వెళ్లివస్తున్నది ఆయనే. ఎప్పుడూ తనలో తను ఏదో అనుకుంటూ ఉంటాడు కాబట్టి అందరికీ ఆయన గొణుగుడు తాత.

"తాతా, ఒక్క మాట."

"ఒక్కటేనా? ఆడవాళ్ల ఒక్కమాటకి నేను పొయ్యి ఆర్పి కూర్చోవాలి. కానీ, ఇప్పుడు పొయ్యెక్కడుంది? అడుగు."

"నా గులాబి మొక్క ఓడలో ఎక్కడుండేది?"

తాత చేతులు ఆపి ఆమెని ఎగాదిగా చూశాడు. "ఓహో. మొగుణ్ని అనుమానిస్తున్నావా?"

"లేదు లేదు!"

"అనుమానించు. సున్నం ఓడ ఇంటికి కోడలివైనందుకు అది నేర్చుకోవాల్సిందే. ఆ మొక్క నా పొయ్యి దగ్గర, డెక్కు మీద, ఓడకి ఆ చివర. నీళ్లు పోసింది నేను. అదీ చెంచాతో. నీ మొగుడు నా ప్రాణం తీశాడు. 'తాతా, ఆకు వాలింది, తాతా, మొగ్గ వంగింది' అని. నా సొంత పెళ్లాం జ్వరంతో పడుంటే కూడా నేనింత సేవ చెయ్యలేదు."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తొట్టి పక్కనే చతికిలబడింది. "మరి ఆయన నిద్రపోయారా?"

"వాడా? ఒంటికాలి మీద నిలబడే రకం. ఆ రోజు నా వంట కూడా తినలేదు, తండ్రితో పొద్దున్నే ఏదో మాటామాటా వచ్చింది. సరంగు మాత్రం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు." తాత మొహం ఒక్కసారి వెలిగింది. "ఒకటి చెప్పనా కోడలు పిల్లా, నువ్వొచ్చిన వేళావిశేషమే అనుకో, ఈమధ్య నీ మామ మంచివాడైపోయాడు. ఇన్నేళ్లూ నా వంటకి వంక పెట్టని రోజు లేదు. ఉప్పు కాదు, కారం కాదు, 'మాడు వాసన' అనేవాడు. ఎక్కడో ఒక మెతుకు అంటుకుంటే పసిగట్టేవాడు. మొన్న కూర నిజంగానే అడుగంటింది. నేనే తినలేకపోయాను. ఆయన, 'బాగుందిరా ముసలాడా' అన్నాడు!"

తాత మళ్లీ గొణుక్కుంటూ ముద్ద కలపడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం 'మాడు వాసన' అని తనలో తను అనుకుంటూ లేచి ఇంటిదారి పట్టింది.

ఇంటికి వచ్చాక చేసిన పని తనకే నచ్చలేదు. అయినా చేసింది. మామగారు వంటగది గుమ్మం పక్కన కూర్చుని తాడు పురి విప్పుకుంటున్నాడు. ఆమె పాలు పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి, పక్కనే నిలబడి, కళ్లప్పగించి మాడనిచ్చింది. ముందు మీగడ గోధుమరంగుకి తిరిగింది, తర్వాత అడుగు నల్లబడింది. వంటగదంతా కమురు కొట్టింది. గొంతు మండుతోంది. మామగారు తాడు ముడి వేసుకుంటూ సన్నగా ఈల వేస్తున్నాడు.

"ఏమిటే ఆ కంపు! వీధి చివరికొచ్చింది!" అత్తగారు పరుగున వచ్చింది.

మామగారు ఈల ఆపి, ఉలిక్కిపడి, వెంటనే, "అవునవును, నేనూ అందామనే అనుకుంటున్నాను," అన్నాడు. లేచి తాడు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

అత్తాకోడళ్లు గిన్నెకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"ఏది?"

"అత్తయ్యా."

అత్తగారు గిన్నె దించి, నీళ్లు పోసి, చాలాసేపు తోమింది. "జలుబు," అంది. "పోయిన వానల్లో పట్టింది. జలుబు పోయింది. దాంతోపాటే అదీ పోయింది. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ముక్కు పోయిందని చెప్తే మర్నాడే ఓడ దించేస్తారు. ఓడ దిగితే ఆయన ఏం చేస్తాడే? నాతో కూర్చుని కూరలు తరుగుతాడా?" కొంగుతో చేతులు తుడుచుకుంది. "సవతితో పంచుకోవడం అలవాటైంది. మొత్తంగా నాకే వదిలేస్తే ఏం చేసుకోవాలో నాకే తెలీదు."

"అయితే మీ అబ్బాయి మీద..."

"వాడికి తెలుసు," అంది అత్తగారు. ఆ రెండు మాటలూ చాలా చిన్నగా అంది.

ఆమె మేడ మీదికి వెళ్లింది. మొగుడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వెల్లమ్మ మీద ఎండ పడి మెరుస్తోంది, పెళ్లికి సున్నం కొట్టిన ఇల్లులాగా.

"మామయ్యగారికి వాసన తెలీదు. అవునా?"

అతను వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం దిగిపోయాయి, బరువు దించినట్టు. ఆమె వెళ్లి పక్కన నిలబడింది. అప్పుడు అతనే చెప్పాడు.

కనిపెట్టి చాలా రోజులైంది. తండ్రి వాసన చూసి వెళ్లాక, ఆయన మొహం అటు తిప్పుకోగానే తను వెళ్లి మళ్లీ చూసేవాడు. ఎవరికీ తెలీకుండా జరిగిపోయేది. ఆ రోజు పొద్దున మాత్రం ఆయన వెనక్కి తిరిగాడు. మూత దగ్గర అప్పుడే మోకాళ్ల మీద వంగబోతున్న కొడుకుని చూశాడు.

"నలుగురి ముందూ ఏమీ అనలేదు. పక్కకి పిలిచి, 'నా ముక్కు మీద నీకు అనుమానమా?' అన్నాడు. కోప్పడినా బాగుండేది. కళ్లలో నీళ్లు తిరిగాయి పిచ్చుకా. ఇంకెప్పుడూ ఆయన వెనకాల చూడనని మాటిచ్చాను. ఆ పూట చూడలేదు. అంతే. సాయంత్రానికి డెక్కు మీదికే వచ్చేసింది వాసన."

ఇన్ని రోజుల తర్వాత మళ్లీ "పిచ్చుకా" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆమె ఎగిరి గంతేసేది.

"అయితే షావుకారుకి నిజం చెప్పండి."

"ఏమని? మా నాన్న ముక్కు చచ్చిపోయింది, ఆ సంగతి దాచి ఇన్నాళ్లూ అందర్నీ చావుమీద ఎక్కించుకు తిప్పాడు అనా? నా వయసు చిన్నది. నా చెడ్డపేరు ఎప్పటికో ఒకప్పటికి పోతుంది."

"మరి ఓడ మూత ఎప్పుడు తీస్తారు?"

అతను అప్పుడు ఆమె వైపు తిరిగాడు. "రేపు పొద్దున. షావుకారు ఇక ఆగనంటున్నాడు. నిప్పు చచ్చిందో లేదో నాన్న వెళ్లి వాసన చూసి చెప్తాడు. చచ్చిందంటే నేను మూత పగలగొడతాను."

ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "మీరు ముందు వాసన చూస్తారు కదా?"

"మాటిచ్చాను."

"ఏవండీ!"

"షావుకారు ముందు, సరంగులందరి ముందు, నాన్న 'చల్లారింది' అన్నాక నేను వంగి మళ్లీ వాసన చూస్తే ఆయన బతికి ఉండగానే చంపేసినట్టు కాదా? ఇన్ని రోజులైంది, చల్లారే ఉంటుంది. భయపడకు."

'భయపడకు' అన్నది ఎంత మర్యాదగా అన్నాడో!

మర్నాడు పొద్దున్నే తెప్ప బయల్దేరే వేళకి ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగిపోయింది. "నేనూ వస్తాను. వెల్లమ్మని దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు."

"ఆడపిల్ల ఎందుకక్కడ?" షావుకారు కళ్లు చిన్నవి చేసి ఆమెని, ఆమె మొగుణ్ని, మళ్లీ ఆమెని చూశాడు. ఎవరు ఎవరితో కలిసి ఏం చేస్తున్నారో అని ఓడలో నిప్పు బయటపడినప్పటి నుంచీ ఆయన అందర్నీ అలాగే చూస్తున్నాడు.

"రానివ్వండి," అన్నాడు మామగారు. "అత్తవారి వైపు చుట్టాలందర్నీ చూపించాం. ఇదొక్కతే మిగిలింది."

మొగుడు ఆమె వైపు చూడలేదు. గొణుగుడు తాత తెడ్డు వేస్తూ, "తెప్ప మీద జనం ఎక్కువైతే నీళ్లు ఎక్కుతాయి, నీళ్లెక్కితే..." అని దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

దగ్గర్నుంచి వెల్లమ్మ నిజంగానే పెద్దావిడలా ఉంది. ప్రతి సందుకీ సున్నపు ముద్ద, దాని మీద వేళ్ల గుర్తులు. పెద్ద కొయ్య మొదట్లో ఎవరో ఎప్పుడో చెక్కిన పువ్వు ఉంది. వేళ్లతో తడిమి మురిసిపోవాల్సిన పువ్వు. ఆమె దాన్ని చూసీ చూడకుండా దాటింది. కాలికింద చెక్క గోరువెచ్చగా ఉంది. ఎండకేమో. కాదేమో.

మామగారు మూత దగ్గర మోకాళ్ల మీద వంగాడు. తాత అంచున కొంచెం ముద్ద గీకి సన్నటి సందు చేశాడు. ముసలాయన కళ్లు మూసుకుని, ముక్కు ఆనించి, చాలాసేపు ఉన్నాడు. పెదవులు కదిలాయి. గుర్తు తెచ్చుకుంటున్నాడని ఆమెకి అర్థమైంది. వాసన రావడంలేదు కాబట్టి అది ఎలా ఉండేదో వెతుక్కుంటున్నాడు. ఎంత వెతికినా దొరకలేదు కాబట్టి లేదనుకున్నాడు.

"చల్లారింది," అన్నాడు లేస్తూ.

షావుకారు ఊపిరి వదిలాడు. "పగలగొట్టవోయ్."

మొగుడు గొడ్డలి ఎత్తి మూత అంచు మీద వేశాడు. సున్నపు పెచ్చు ఇంత ఊడిపడింది. మళ్లీ ఎత్తాడు.

"మామయ్యా!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "నాకు వాసన వస్తోంది."

గొడ్డలి ఆగిపోయింది. షావుకారు విసుక్కున్నాడు. "ఏం వాసన? సరంగు చెప్పాడుగా!"

"మాడు వాసన, మామయ్యా. వస్తోంది."

అందరూ ముసలాయన్ని చూశారు. ఆయన ఆమెని ఒక్కదాన్నే చూశాడు. నిన్నటి పాల గిన్నె ఆయనకి అప్పుడే తట్టి ఉండాలి. మొహం మొదట ఎర్రబడింది. తర్వాత ఆ ఎరుపు మెల్లగా దిగిపోయింది. "నాకు రావట్లేదు," అనడానికి ఆయనకి అవకాశం ఉంది. ఆ మాటొక్కటి అంటే ఆమె మాటని ఎవరూ లెక్కచేయరు. గొడ్డలి దిగుతుంది.

"అమ్మాయికి వస్తోందంటే వస్తోంది," అన్నాడు సరంగు. "మూసెయ్యండి. తొందరగా."

మొగుడు గొడ్డలి పారేసి చేతుల్నిండా సున్నపు ముద్ద తీసుకుని ఊడిన చోట వంగాడు. వంగినవాడు వంగినట్టే దగ్గుతూ వెనక్కి పడ్డాడు. లోపలి నుంచి దారమంత పొగ తెల్లగా బయటికి వచ్చింది, తర్వాత పసుపుగా. "ఉంది నాన్నా!" అని అరిచాడు. "ఉంది!"

పూడ్చారు. ఎంత వేస్తే అంత ఎండిపోయి పగిలింది. ఒక్క దెబ్బ పడిన సందులోంచే వెల్లమ్మ ఊపిరి పీల్చుకుంది. అది ఇక వదిలేలా లేదు. పెద్ద కొయ్య మొదట్లో చెక్క నల్లబడటం చూసి సరంగు, "దిగండి," అన్నాడు. అందరూ దిగాక తను దిగాడు. తెప్ప ఇంకా సగం దారిలో ఉండగానే మూత ఎగిరింది. కొడుకు నిలబడాల్సిన చోట మంట కొయ్యంత ఎత్తున లేచింది. తాత గొణగడం కూడా మానేశాడు.

ఊరంతా ఒడ్డున చేరింది. మధ్యాహ్నానికి వెల్లమ్మ నీటిమట్టం దాకా కాలిపోయింది. అప్పుడు సముద్రపు నీళ్లు దాని లోపలికి వెళ్లాయి. మిగిలిన సున్నమంతా ఒక్కసారిగా ఉడికి, ఉబ్బి, ఆ ముసలి పక్కటెముకల్ని రెండువైపులా తోసేసింది. చూస్తుండగా రేవు నీళ్లు పాలలాగా తెల్లబడిపోయాయి. అంత దుఃఖంలో కూడా అది అందంగా ఉందని కొత్తకోడలికి అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. పక్కన అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. "ఎంత తిట్టానే దాన్ని," అంటోంది.

మామగారు షావుకారు దగ్గరికి వెళ్లాడు. సరంగులంతా అక్కడే ఉన్నారు. గొంతు తగ్గించలేదు.

"పోయిన వానల నుంచి నాకు వాసన తెలీదు. దాచాను. మావాడికి తెలుసు. వాడు నా వెనకాల చూసుకుంటూ వచ్చాడు, నేనే మాన్పించాను. ఆ రోజు నిప్పు పట్టుకోలేకపోయింది నేను. ఇవాళ వాణ్ని కాల్చబోయింది కూడా నేనే."

షావుకారు తెల్లబడ్డ నీళ్ల వైపు చూశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "తెలిసి నోరు మూసుకున్నావు. నువ్వు నిద్రపోయావంటేనే నాకు నయంగా ఉండేది. నిద్రపోయినవాణ్ని లేపొచ్చు."

"నిజమే," అన్నాడు కొడుకు.

"వచ్చేవారం కనబడు. ఇంకో ఓడ ఇస్తాననడం లేదు. కనబడమంటున్నాను."

పక్కనున్న సరంగుల్లో ఒకడు ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొకడు వెయ్యబోయి మానేశాడు.

ఇంటిదారి పట్టారు. ముందు అత్తామామలు, కొంచెం వెనకగా వీళ్లిద్దరూ. అతని కనుబొమ్మలు తెల్లగా, చివర్లు కమిలి ఉన్నాయి. సగం దారి వచ్చారు. కోపంగా ఉన్నాడా? తండ్రిని నలుగురిలో నిలబెట్టినందుకు జన్మంతా మనసులో పెట్టుకుంటాడా? ఆమె ఓరగా చూసింది. అతనూ ఓరగానే చూస్తున్నాడు.

"నువ్వు నిలబడింది గాలి వచ్చే వైపు," అన్నాడు చివరికి. "అక్కడికి వాసన రాదు. రావడానికి వీల్లేదు. పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"పిచ్చుకా, నిజం చెప్పు. వచ్చిందా?"

"రాలేదు."

అతను ఆగిపోయాడు. "ఒకవేళ నిజంగానే చల్లారిపోయి ఉంటే?"

"ఊరంతా నన్ను తిట్టేది. మీరు బతికుండి వినేవారు."

అతనికి నవ్వొచ్చింది, వెంటనే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక గొంతు బాగా తగ్గించి, "ఈ సంగతి నాన్నకి చెప్పకు," అన్నాడు.

"చెప్తాను. ఇవాళే చెప్తాను. ఈ ఇంట్లో ఒకళ్లకోసం ఒకళ్లు దాచిపెట్టింది చాలు."

"పిచ్చిదానా, ఆయన..."

ముందు నడుస్తున్న ముసలాయన వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఏమిటమ్మాయ్ నాకు చెప్పేది? ముక్కు పోయింది గానీ, చెవులు బాగానే ఉన్నాయి."

ఆమె మొగుడి చెయ్యి వదిలేసి, గబగబా నాలుగు అంగలేసి మామగారి పక్కకి వెళ్లింది.